ఒక కుదుపు, ఒక తీర్పు

2022 ఆగస్టు 7, ఆదివారం. ముహర్రం మాసం, ఆషూరాకు ఇంకా రెండు రోజుల వ్యవధి ఉంది. ఒకవైపు పులికాట్ సరస్సు, మరొకవైపు బంగాళాఖాతం నడుమనున్న శ్రీహరికోటకు ఆ ఉదయం చేరుకున్న అతిథుల్లో బడిపిల్లలు ఉన్నారు. అందరూ బాలికలే. అందరూ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థినులే. తమ చేతులతో కూర్చిన పరికరాలు ఆకాశానికి ఎగసే దృశ్యాన్ని కళ్లారా చూడాలని ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. 9 గంటల 18 నిమిషాలకు రాకెట్ నిప్పులు చిమ్ముతూ లేచింది. కానీ ఆ రోజు ముగియకముందే భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఇస్రో ప్రకటన వెలువడింది: ఉపగ్రహాలు చేరవలసిన కక్ష్యకు చేరలేదు, ఇక అవి ఉపయోగపడవు.

ఆ పిల్లలు చేసిన పొరపాటు ఏమీ లేదు. వారి పరికరాల్లో లోపమూ లేదు. అయినా వారి శ్రమ ఫలితం గాలిపొరల రాపిడికి ఆహుతైపోయింది. ఈ సంఘటన జరిగి కాలం గడిచింది. అయినా, పరీక్షల ఫలితాలు వెలువడిన ప్రతిసారీ మాకు ఆ ఉదయమే గుర్తుకు వస్తుంది. ఎందుకో మనవి చేస్తాం.

ముందుగా ఆ ఉపగ్రహం గురించి నాలుగు మాటలు. దాని పేరు ఆజాదీశాట్. ఆజాదీ అనే మాటకు మన పాఠకులకు అర్థం చెప్పనక్కరలేదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి 75 సంవత్సరాలు నిండిన సందర్భంగా, దేశవ్యాప్తంగా 75 ప్రభుత్వ పాఠశాలలను ఎన్నుకుని, ఒక్కో పాఠశాల నుంచి పదిమంది చొప్పున 750 మంది బాలికలను ఈ పనిలో భాగస్వాములను చేశారు. వారిలో అధికులు గ్రామీణ ప్రాంతాల వారు. వారు కూర్చిన పరికరాలు మొత్తం 75. ఒక్కొక్కటి సుమారు 50 గ్రాములు, అంటే ఇంచుమించు ఒక కోడిగుడ్డు బరువు. వాటన్నిటినీ ఒక్కచోట చేర్చి, సుమారు 8 కిలోల ఉపగ్రహంగా రూపుదిద్దినది చెన్నైకి చెందిన స్పేస్ కిడ్జ్ ఇండియా సంస్థ.

దాని ముందున్న పని కూడా పిల్లల స్థాయికి తగినదే, అయినా ఆటబొమ్మ పని కాదు. హామ్ రేడియో ఔత్సాహికులు ఒకరితో ఒకరు మాట్లాడుకునేందుకు, సమాచారం పంపుకునేందుకు తోడ్పడే రేడియో పరికరం అందులో ఉంది. తుఫానులు వచ్చి టెలిఫోన్లు మూగబోయినప్పుడు ఈ హామ్ రేడియోయే ఎన్నోచోట్ల ఆసరా అవుతుంది. అంతరిక్షంలోని వికిరణాన్ని కొలిచే సాధనం మరొకటి. తన ఫొటో తానే తీసుకునే చిన్న కెమెరా ఇంకొకటి. ఆరు నెలలపాటు పనిచేయాలన్నది లక్ష్యం.

విద్యార్థులు ఉపగ్రహాలు నిర్మించడం మన దేశంలో అదే మొదలు కాదు. 2009లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం నిర్మించిన 40 కిలోల అనుశాట్ కక్ష్యకు చేరింది. 2010 జులైలో నాటి ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలకు చెందిన ఏడు ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు కిలో బరువైనా లేని స్టుడ్‌శాట్‌ను పంపించారు. అయితే వారందరూ పెద్ద చదువుల వారు. ఆజాదీశాట్ ప్రత్యేకత ఏమిటంటే, ఆ అవకాశం గ్రామాల్లోని బడి వరకు, అందులోనూ ఆడపిల్లల బెంచీ వరకు దిగివచ్చింది.

మరి ఆ రోజు ఏం జరిగింది? రాకెట్ పేరు ఎస్ఎస్ఎల్‌వీ. చిన్న ఉపగ్రహాల కోసం ఇస్రో కొత్తగా నిర్మించిన వాహనం. అదే దాని తొలి ప్రయాణం. ఘన ఇంధనంతో మండే మూడు దశలూ సక్రమంగానే పనిచేశాయి. తేడా అంతా రెండవ దశ విడిపోయే సమయంలో వచ్చింది. ఆ విడిపోవడంలో పరికరాల అర ఒక్కసారిగా కుదుపుకు లోనైంది. రాకెట్‌కు మనలాగా కళ్లుండవు. తాను ఎంత వేగంతో, ఏ దిశగా సాగుతున్నదో లోపల అమర్చిన త్వరణమాపకాల ద్వారానే అది తెలుసుకుంటుంది. ఆ కుదుపుకు అవి తమ హద్దు దాటిన అంకెలు చూపించాయి. వెంటనే రాకెట్‌లోని కంప్యూటర్ ఒక నిర్ణయానికి వచ్చేసింది: ఈ సాధనాలు చెడిపోయాయి, ఇక వీటి మాట వినకూడదు.

ఆపైన అది వాటిని పక్కకు నెట్టి, ఉన్నంతలో ఏదోలా గట్టెక్కించే మరో పద్ధతికి మారింది. కానీ ఆ పద్ధతిలో కావలసిన వేగం అందలేదు. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రని కక్ష్యలో తిరగవలసిన ఉపగ్రహాలు, ఒక కొస 356 కిలోమీటర్లు, మరో కొస 76 కిలోమీటర్లు ఉండే సాగిన కక్ష్యలో పడ్డాయి. 76 కిలోమీటర్ల ఎత్తున గాలి ఇంకా మిగిలే ఉంటుంది. అది ఉపగ్రహాన్ని నిలువనివ్వదు, కిందికి లాగేస్తుంది. ఆజాదీశాట్‌తోపాటు ఇస్రో సొంత ఉపగ్రహం, సుమారు 135 కిలోల ఈఓఎస్-02 కూడా అలాగే నష్టమైపోయింది.

కుదుపు క్షణకాలానిదే. ఆ క్షణాన్ని శాశ్వత వైఫల్యంగా లెక్కగట్టిన తీర్పే అసలు నష్టానికి మూలమైంది. పాఠకులు ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకోవాలని మా కోరిక. ఎందుకంటే అదే తర్కం మన ఇళ్లలోనూ పనిచేస్తున్నదని మా భయం.

అమ్మాయి పదవ తరగతిలో లెక్కల్లో తప్పింది. ఇంటర్ మొదటి సంవత్సరంలో మార్కులు తగ్గాయి. ప్రవేశ పరీక్షలో ఆశించిన ర్యాంకు రాలేదు. ఇవన్నీ కుదుపులు. కానీ ఆ సాయంత్రం ఇంట్లో వినబడే మాటలు ఎలా ఉంటాయి? "చదువు దీని వల్ల కాదు", "ఇక చాలించు", "ఏదో మంచి సంబంధం చూద్దాం". ఒక్క సాయంత్రంలో పన్నెండేళ్ల చదువుకు తీర్పు వెలువడిపోతుంది. ఆపైన అది మారదు. ఇంకొక మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. అదే ఇంట్లో అబ్బాయి తప్పితే సప్లిమెంటరీకి ఫీజు కడతాం, ట్యూషన్ పెట్టిస్తాం, ఇంకో సంవత్సరం ఎదురుచూస్తాం. కొడుకు విషయంలో కుదుపుగా కనిపించినది కూతురి విషయంలో తీర్పుగా ఎలా మారుతున్నది? ఈ ప్రశ్నను ఎవరికి వారు తమ గుండె మీద చేయి వేసుకుని అడగవలసి ఉంది.

అదే శ్రీహరికోటలో, అదే ఆగస్టు నెలలో, 43 సంవత్సరాల ముందు మరొక ఓటమి సంభవించింది. 1979 ఆగస్టు 10న భారతదేశపు తొలి ఉపగ్రహ వాహకం ఎస్ఎల్‌వీ-3 తన మొదటి ప్రయాణంలోనే బంగాళాఖాతంలో కూలిపోయింది. ఆ పథకానికి సారథి రామేశ్వరానికి చెందిన ఒక మస్జిద్ ఇమామ్ కుమారుడు, ఏపీజే అబ్దుల్ కలాం. ఆనాడు ఇస్రో అధ్యక్షులు సతీశ్ ధవన్ విలేకరుల ముందుకు తామే వెళ్లారు. వైఫల్యం బాధ్యతను తమ మీద వేసుకున్నారు. తమ బృందం మీద తమకు నమ్మకం ఉందని, మళ్లీ ప్రయత్నిస్తామని చెప్పారు. 1980 జులై 18న రెండవ ప్రయాణం ఫలించింది. 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యకు చేరింది. ఈసారి ధవన్ గారు విలేకరుల ముందుకు కలాం గారిని పంపించారు. నిందను తాము మోసి, కీర్తిని తమ్ముడి వంటి వానికి అందించారు. ఈ సంగతిని కలాం గారు జీవితాంతం కృతజ్ఞతతో చెప్పుకుంటూనే ఉన్నారు.

తల్లిదండ్రుల స్థానం ఆ అధ్యక్షుని స్థానం వంటిదే. కూతురు తప్పిన రోజున బంధువులు, ఇరుగుపొరుగులు వచ్చి అడుగుతారు. ఆ ప్రశ్నల ముందు పిల్లను నిలబెట్టి మనం లోపలికి తప్పుకుంటామా? లేక మనమే ముందు నిలబడి, "మా అమ్మాయి కష్టపడింది, లోపం ఎక్కడుందో చూసి మళ్లీ రాయిస్తాం" అని చెబుతామా? ఆ ఒక్క మాట పిల్ల మనసులో ఎంతకాలం నిలిచిపోతుందో కలాం గారి జీవితమే చెబుతున్నది.

ఇక మన ధర్మం ఈ విషయంలో చూపే దారి స్పష్టమైనది. ప్రయత్నం దాసునిది, ఫలితం అల్లాహ్‌ది. ఒంటెను కట్టివేయకుండానే అల్లాహ్ మీద భారం వేయవచ్చునా అని అడిగిన వ్యక్తికి, ముందు దాన్ని కట్టమని, ఆపైన అల్లాహ్ మీద భారం వేయమని దైవప్రవక్త (స) ఉపదేశించిన సంగతి మనకందరికీ తెలిసినదే. కానీ ఒంటె తాడు తెంచుకుని పారిపోయిన రోజున ఏం చేయాలి? అప్పుడు తాడు ఎక్కడ తెగిందో చూడాలి, మరింత గట్టి తాడు పేనాలి, మళ్లీ కట్టాలి. సబర్ అంటే అదే. చేతులు ముడుచుకుని కూర్చోవడాన్ని, నుదుటి రాత అని నిట్టూర్చి తలుపు మూసివేయడాన్ని మన ధర్మం సబర్ అని పిలవదు.

ఇస్రో చేసిన పని చూడండి. కుదుపు ఎక్కడ పుట్టిందో, దాన్ని కంప్యూటర్ ఎందుకు పొరబాటుగా అర్థం చేసుకున్నదో వెతికింది. కనుగొన్న లోపాన్ని దాచకుండా దేశానికి చెప్పింది. పరికరాల అర నిర్మాణాన్ని మార్చింది. రెండవ దశ విడిపోయే ఏర్పాటును మార్చింది. కంప్యూటర్ తీర్పు చెప్పే తర్కాన్ని కూడా సవరించింది. ఈ చివరి సవరణ మనకు మరీ ముఖ్యమైనది. కుదుపును తగ్గించడంతోనే సరిపెట్టలేదు. కుదుపు వచ్చినా తొందరపడి తీర్పు చెప్పకుండా ఉండటం కూడా ఆ యంత్రానికి నేర్పారు.

సరిగ్గా 187 రోజులు గడిచాయి. 2023 ఫిబ్రవరి 10, శుక్రవారం. అదే శ్రీహరికోట, అదే 9 గంటల 18 నిమిషాలు. ఎస్ఎస్ఎల్‌వీ రెండవసారి లేచింది. సుమారు పావుగంట వ్యవధిలోనే మూడు ఉపగ్రహాలు 450 కిలోమీటర్ల ఎత్తున తమ గుండ్రని కక్ష్యకు చేరాయి. వాటిలో ఒకటి 8.7 కిలోల ఆజాదీశాట్-2. ఇదీ సుమారు 750 మంది బాలికల శ్రమతో రూపొందినదే. రేడియో సంభాషణ, వికిరణాన్ని కొలవడం దీనికీ అప్పగించిన పనులే. వాటికి తోడు, నింగికి చేరాక విచ్చుకునే ఉపగ్రహ నిర్మాణాన్ని పరీక్షించడం కూడా చేరింది. ఆ ఎత్తున ఉపగ్రహం ఇంచుమించు గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టివస్తుంది. అంటే ఆ రోజు మన మస్జిదుల్లో జుమా నమాజు ముగిసేసరికి అది ఈ పుడమిని రెండు మూడుసార్లు చుట్టివచ్చి ఉంటుంది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే మా మాట అసంపూర్ణమవుతుంది. ప్రతి ఓటమి వెనుకా ఆరు నెలల్లో గెలుపు రాసి ఉంటుందని మేము అనడం లేదు. రెండవసారి కూడా తప్పేవారుంటారు. కోరుకున్న సీటు ఎన్నటికీ దక్కని వారుంటారు. అల్లాహ్ తన దాసుల కోసం మరొక దారిని ఎన్నుకుని ఉండవచ్చు. విశ్వాసికి ప్రతిఫలం సంకల్పాన్ని బట్టి, శ్రమను బట్టి లభిస్తుందే గాని ర్యాంకును బట్టి కాదు. మొదటి ఆజాదీశాట్ కోసం ఆ బాలికలు నేర్చుకున్న విద్య ఉపగ్రహంతోపాటు కాలిపోలేదు. అది వారి చేతుల్లోనే ఉంది. మనం చేయకూడనిది ఒక్కటే: అల్లాహ్ ఇంకా మూయని తలుపును మనమే ముందుగా మూసివేయడం.

కొందరు పెద్దలు వేరొక సందేహం వెలిబుచ్చుతారు. ఉపగ్రహాలు, రాకెట్లు మన ఆడపిల్లలకు ఎందుకు, దీన్ నేర్చుకుంటే చాలదా అని. దీన్ తప్పక నేర్చుకోవాలి, అదే పునాది. కానీ భూమ్యాకాశాల సృష్టిలో, రేయింబవళ్ల రాకపోకల్లో ఆలోచించేవారికి నిదర్శనాలున్నాయని దివ్య ఖుర్ఆన్ ఎన్నోచోట్ల గుర్తుచేస్తుంది. ఆ పిలుపును మన పూర్వికులు చెవిన పెట్టారు. నమాజు వేళలను, ఖిబ్లా దిశను లెక్కగట్టేందుకు మస్జిదుల్లోనే ఖగోళ పండితులను నియమించుకున్నారు. 14వ శతాబ్దంలో దమస్కస్‌లోని ఉమయ్యద్ మస్జిద్‌లో వేళలు చూసే బాధ్యత వహించిన ఇబ్నుష్షాతిర్ ఆ కాలపు గొప్ప ఖగోళ శాస్త్రవేత్తల్లో ఒకరు.

ఇందులో స్త్రీలకు చోటు లేదనుకోవడం కూడా సరికాదు. హజ్రత్ ఆయిషా (ర) వద్దకు వచ్చి పెద్ద పెద్ద సహాబాలు సైతం విషయాలు అడిగి తెలుసుకునేవారు. 10వ శతాబ్దంలో బాగ్దాద్‌కు చెందిన ఇబ్నున్నదీమ్ తన గ్రంథసూచిలో, నక్షత్రాల ఎత్తును కొలిచే అస్తుర్లాబ్ యంత్రాలను తయారుచేసినవారి పేర్లు రాశాడు. అందులో ఇజ్లీ అనే పనివాని పక్కనే అతని కుమార్తె ఇజ్లియా పేరూ ఉంది. తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకే గురువు దగ్గర పని నేర్చారు. ఆమె హలబ్ పాలకుడు సైఫుద్దౌలా కొలువులో ఉండేది. వెయ్యేళ్ల కింద ఒక తండ్రి తన కూతురి చేతికి ఇత్తడి పళ్లెం, ఆకురాయి ఇచ్చి ఆకాశాన్ని కొలవమనగా, ఈనాటి తండ్రి సందేహించవలసిన పనేముంది?

మరికొందరి ఇబ్బందులు నిజమైనవి. కళాశాల దూరం, ఆటో ఖర్చు, హాస్టల్ గురించిన దిగులు, పరదా పాటించే వీలు, కట్టవలసిన ఫీజు. వీటిని తేలికగా కొట్టివేయలేం. అయితే వీటిలో ప్రతిదీ కూర్చుని పరిష్కరించుకోవలసిన సమస్యే తప్ప, చదువు మాన్పించేందుకు తీర్పు కాదు. కలాం గారు మద్రాసులో ఇంజనీరింగ్ చదువుకు చేరవలసి వచ్చినప్పుడు ఫీజుకు ఇంట్లో డబ్బు లేదు. అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టి ఆ సొమ్ము సమకూర్చింది. ఒక సోదరి నగలు సోదరుణ్ణి నింగికి చేర్చాయి. ఇప్పుడు సోదరుల వంతు వచ్చింది. చెల్లెలిని రోజూ కళాశాల దగ్గర దింపి వచ్చే అన్న, తన జీతంలో కొంత ఆమె ఫీజుకు కేటాయించే తమ్ముడు ఆ బాకీని కాస్తయినా తీర్చినవారవుతారు. ఆడపిల్లలను ప్రేమతో పెంచి, చక్కగా తీర్చిదిద్దినవారికి ఆ పెంపకమే నరకాగ్నికి అడ్డుగోడ అవుతుందని ప్రవక్త (స) ఇచ్చిన శుభవార్తను కూడా మరువరాదు.

ఆసక్తి గల కుటుంబాలకు రెండు చిన్న సూచనలు. తొమ్మిదవ తరగతి పిల్లల కోసం ఇస్రో 'యువిక' అనే శిక్షణ కార్యక్రమాన్ని నిర్వహిస్తున్నది. గ్రామీణ విద్యార్థులకు అందులో ప్రాధాన్యం ఉంటుంది. ప్రకటన ఎప్పుడు వస్తుందో పాఠశాల ఉపాధ్యాయులను అడిగి తెలుసుకోండి. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగాలను సామాన్య ప్రజలు చూసేందుకు గ్యాలరీ కూడా ఉంది; ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి. ఈసారి సెలవుల్లో పిల్లలను తీసుకువెళ్లే ఆలోచన ఉంటే కొడుకుతోపాటు కూతురి పేరు కూడా రాయించండి.

ఇక ఈ సంవత్సరం మీ ఇంట్లో ఫలితాల రోజు ఎలా గడిచినా, ఆ రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోకండి. పిల్లకు అన్నం పెట్టండి. ఇషా నమాజు చేసి, ఆమె కోసం దుఆ చేయండి. తెల్లవారాక మార్కుల కాగితం ముందు పెట్టుకుని, తాడు ఎక్కడ తెగిందో ఇద్దరూ కలిసి చూడండి. అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, మనకు తొందరపడని మనసును ప్రసాదించుగాక. ఆమీన్.